తెగని వేలు

పంజాగుట్ట స్టేషన్‌లో మెట్రో దిగిన జనమంతా మెట్లవైపు తోసుకుంటూ పోతుంటే, సుష్మిత గోడవారకు జరిగి నిలబడింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బ్యాండేజి చుట్ట తీసి ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకుంది. కొస పంటితో తెంపి, పైన ప్లాస్టర్ అంటించింది. నిజం దెబ్బయితే ఎంత బిగించాలో నొప్పే చెబుతుంది. లేని దెబ్బకు అన్నీ మనమే ఊహించుకోవాలి. ఎక్కువ బిగిస్తే వేలు నీలంగా మారుతుంది, వదులుగా కడితే మధ్యాహ్నానికల్లా ఊడి చేతిలోకి వస్తుంది. మొదట్లో రెండు తప్పులూ చేసి ఇప్పుడు చేయి తిరిగింది. ఆఖరున కట్టు అంచున కొంచెం ఆయింట్‌మెంట్ పూసింది. మందు వాసన రాని కట్టును ఆసుపత్రిలో ఎవరు నమ్ముతారు?

సుష్మితకు మూడో నెల. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇంట్లో భర్త విజయేందర్, అత్త స్వరాజ్యం. అంతే. పుట్టింట్లో కూడా చెప్పలేదు. పోయినేడు కడుపు నిలిచిందని తెలిసిన రోజే ఆసుపత్రిలో అందరికీ స్వీట్లు పంచింది. నెల తిరక్కుండానే పోయింది. డాక్టరు చాలామందికి జరిగేదేనంది. స్వరాజ్యం మాత్రం, నలుగురి నోళ్ళలో పడటం వల్లే పోయిందని తేల్చేసింది. ఈసారి మూడో నెల నిండేదాకా ఈ మాట గడప దాటకూడదని కోడలి చేత ఒట్టు వేయించుకుంది.

సుష్మిత చేసేది బట్టల షాపులో ఉద్యోగమైతే ఆ ఒట్టుతో ఏ చిక్కూ లేదు. ఆమె పనిచేసేది ఆసుపత్రి నేలమాళిగలో, మందపాటి గోడల మధ్య, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో. కడుపుతో ఉన్న సంగతి తెలియగానే చెప్పాలని అక్కడ రూలు.

ఆమె వెళ్ళేసరికి, స్కానింగు మందులు తయారుచేసే హాట్ ల్యాబ్ తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. అంటే తోటి టెక్నీషియన్ రాగసుధ అప్పటికే లోపల ఉంది. రేడియేషన్ దాటకుండా సీసం కలిపిన గాజుకిటికీలోంచి చూస్తే, బరువైన ఏప్రాన్ కింద ఆమె సన్నటి భుజాలు వంగి కనిపించాయి. ఆమె ముందు సీసం ఇటుకల మధ్య బకెట్టంత జనరేటర్. కరెంటుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. దాని కడుపులో ఉన్న రేడియోధార్మిక పదార్థం తనంతట తానే మారుతూ స్కానింగుకు కావలసిన మందును ఊరిస్తుంది. పొద్దున్నే ఉప్పునీటిని దాని గుండా పంపి ఆ మందును ఒక సీసాలోకి దించాలి. మర్నాటికి మళ్ళీ ఊరుతుంది. అందుకే ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు దాన్ని ఆవు అంటారు. ఇక్కడ మాత్రం రాఘవేందర్ దానికి బర్రె అని పేరు పెట్టాడు. అతను గచ్చిబౌలిలో ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయాడు, పేరు మిగిలింది. అతని కుర్చీలోకి ఎవరినీ తీసుకోలేదు. ఎప్పుడడిగినా చూస్తున్నామంటుంది యాజమాన్యం. యాజమాన్యాల చూపు మరీ నిదానం.

ఇద్దరే మిగిలారు కాబట్టి బర్రె పని మార్చి మార్చి చేసుకునేవాళ్ళు. అలాంటి రోజుల్లోనే ఒకనాడు ఇంట్లో సుష్మిత బెండకాయలు కోస్తుంటే కత్తి జారింది. తెగలేదు. కానీ తెగి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. చర్మం తెగినవాళ్ళు ఆ గదిలో పని చేయకూడదు, చుక్క పడితే రక్తంలోకి పోతుంది. ఆ మాట చదువుకున్నప్పుడు పరీక్షలో కూడా రాసింది. మర్నాడు కట్టుతో వచ్చింది. రేడియేషన్ భద్రత చూసే అధికారి పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు పిలవడానికి ఊపిరి చాలక అందరూ నారాయణ సార్ అంటారు. ఆయన కట్టు చూడగానే కంగారుపడ్డాడు. "మానేదాకా నువ్వు ఆ గది వైపు పోవద్దమ్మా. రాగసుధ చూసుకుంటుంది" అన్నాడు. రాగసుధ సరేనంది.

ఇప్పుడు ఆ రాగసుధ సీసం డబ్బాలో పెట్టిన సీసాను రెండు చేతులా ఎత్తి, సగంలో ఆగి, బల్లకు ఆనుకుని నిలబడింది. మళ్ళీ ఎత్తింది. అలిసిపోయి ఉంటుంది, రోజూ ఒక్కతే చేస్తోంది కదా అనుకుంది సుష్మిత. ఆ మాట అనుకోగానే కిటికీ దగ్గర నుంచి తప్పుకుంది.

కాసేపటికి రాగసుధ చేతులు రేడియేషన్ మీటరు ముందు పెట్టి చూసుకుని, చేతి తొడుగులు చెత్తడబ్బాలో వేసి బయటికొచ్చింది. భీమవరం పిల్ల. పెళ్ళయి మధురానగర్‌లో కాపురం. ఏదైనా మొహం మీదే అనేస్తుంది.

"ఏంటి సుష్మీ, ఇంకా మానలేదా ఆ వేలు? షుగరుందేమో చూపించుకో."

"గిన్నెలు తోముడుల తడుస్తున్నది రాగా. మానుతలేదు."

"మీ ఆయన్ని తోమమను. నీ వేలు మానితే నాకూ కాస్త ఊపిరాడుతుంది." నవ్వుతూనే అంది. టిఫిన్ డబ్బా మూత తీసి, ఇడ్లీ వైపు ఒకసారి చూసి, మూత పెట్టేసింది.

సుష్మిత ఇవన్నీ చూసింది. చూసి ఏమీ అనుకోలేదు. తన కడుపులో తిప్పుతున్నప్పుడు పక్కవాళ్ళు ఇడ్లీ ఎందుకు తినలేదన్న ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రోజంతా ఆమె స్కానింగ్ గదిలో పనిచేసింది. సూది వేయించుకున్న రోగుల ఒంట్లోనూ ఆ మందే ఉంటుంది కాబట్టి, గోడకు ఆనుకుని దూరంనుంచే అన్నీ చెప్పింది. రుద్రమ్మ అనే ముసలామెకు ఎముకల స్కాన్. బల్ల ఎక్కించడానికి చేయి అందించకపోతే ఆమె వార్డుబాయ్‌తో, "గీ పిల్లకు మస్తు గర్వమున్నట్టుంది" అంది వినబడేలాగే. సుష్మితకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మధ్యాహ్నం ఒక నడివయసు ఆమె వస్తే, ఆడవాళ్ళందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగింది. "నెల తప్పలేదు గదమ్మా? అనుమానముంటే ముందే చెప్పాలె." ఆమె లేదని తల ఊపింది. ఈ ప్రశ్న వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడుగుతారు. అడిగేవాళ్ళను మాత్రం ఎవరూ అడగరు.

సాయంత్రం నారాయణ సార్ ఇద్దరినీ పిలిచాడు.

"సోమవారం కొత్త జనరేటర్ వస్తోంది. కొత్తదంటే తెలుసుగా, మొదటి రోజుల్లో దాని బలం ఎక్కువ. ఒక్కళ్ళ మీదే పడకూడదు. నీ వేలు అప్పటికి మానుతుందామ్మా?"

"చూస్త సార్" అంది సుష్మిత.

రాగసుధ నేల వైపు చూస్తోంది.

*

"సోమారం చెప్పేస్త అత్తమ్మా. సార్ మంచోడే, అర్థం చేసుకుంటడు."

బోరబండలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. శుక్రవారం సాయంత్రం స్వరాజ్యం గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతులు ఆగాయి.

"ఇంకెన్ని దినాలున్నయని బిడ్డా? మూడో నెల నిండనియ్యి. పోయినసారి ఏమైందో యాదికి లేదా?"

"అది గందుకు కాలేదని డాక్టరమ్మ చెప్పింది గద."

"డాక్టరమ్మకు దిష్టి గురించి ఏం దెలుసు? చదువుల ఉంటదా అది?"

మంచం మీద పడుకుని ఫోను చూస్తున్న విజయేందర్ లేచి కూర్చున్నాడు. మెకానిక్ షెడ్డు నుంచి వచ్చి స్నానం కూడా చేయలేదు. "దిష్టి సంగతి పక్కకు పెట్టు. మీ కాడ పనిజేసిన వనితక్కను ఏం జేసిన్రు? నెల తప్పిందని చెప్పింది. మంచిదమ్మా అని బిల్లింగ్ కౌంటర్ల కూసోబెట్టిన్రు. కాంట్రాక్ట్ అయిపోంగనే, కాన్పు అయినంక చూద్దామన్నరు. మళ్ళ పిలిచిన్రా? వచ్చే నెల నీది సుత అయిపోతది."

"మరి సోమారం ఎట్ల?"

"వేలు ఇంకా మానలేదని చెప్పు" అన్నాడు గొంతు తగ్గించి. కట్టు సంగతి అతనికి తెలుసు. స్వరాజ్యానికి తెలియదు. రోజూ ఎర్రగడ్డలో మెట్రో దిగేలోపే సుష్మిత దాన్ని విప్పి బ్యాగులో వేసుకుంటుంది. అత్తకు అబద్ధాలంటే గిట్టదు. చెప్పకపోవడం వేరు, అబద్ధం వేరు అని ఆమె లెక్క.

సుష్మిత లోపలికి వెళ్ళి కుర్తా అంచు పైకెత్తి, పొట్ట దగ్గర లోపలివైపు పిన్నుతో పెట్టుకున్న బ్యాడ్జిని తీసింది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టుకునే ప్లాస్టిక్ ముక్క అది. అందరూ ఛాతీ మీద పెట్టుకుంటారు. ఆమె ఈ మధ్య ఎవరికీ కనబడకుండా కింద పెట్టుకుంటోంది. దాన్ని చూస్తే ఏమీ తెలియదు. పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. అయినా రోజూ ఇంటికి తెచ్చుకుని దాని వైపు చూస్తుంది, ఏదో చెబుతుందన్నట్టు. బ్యాడ్జిలు ఇంటికి తేకూడదు. అదీ రూలే. ఈ నెలలో ఆమె ఎన్ని రూళ్ళు మీరిందో ఆమెకే తెలియదు.

ఆ వేళ భయమంతా ఒక్కటే. సోమవారం కొత్త జనరేటర్. దాని దగ్గరికి పోతే బిడ్డకు ఏమవుతుందో, పోకపోతే ఉద్యోగానికి ఏమవుతుందో. ఈ రెండిటి మధ్య రాగసుధ అనే మనిషి ఉందన్న సంగతి ఆమె లెక్కలోకి ఇంకా సరిగ్గా రాలేదు.

*

శనివారం మధ్యాహ్నం అమీర్‌పేటలో క్లినిక్‌కు వెళ్ళారు అత్తాకోడళ్ళు. బోరబండలో అయితే ఇంటి పక్కవాళ్ళ కళ్ళలో పడతారని స్వరాజ్యమే దూరంగా చూడమంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య క్లినిక్ బోర్డు వెతుక్కుని రెండో అంతస్తుకు ఎక్కేసరికి స్వరాజ్యానికి ఆయాసం వచ్చింది. హాలు నిండా జనం. ఒక్క ఫ్యాను తిరుగుతోంది, అదీ డాక్టరు గది తలుపు వైపు.

ఒక పెద్దావిడ పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాటన్ చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు, ఒళ్ళో సంచి. స్వరాజ్యం కూర్చున్న కాసేపటికి ఇద్దరూ ఫ్యాను మీద, మెట్ల మీద, ఈ కాలపు డాక్టర్ల మీద ఒక మాటకు వచ్చేశారు. ఆవిడ పేరు వరలక్ష్మి.

"మీ కోడలాండీ?" అంది సుష్మితను చూసి. "మా కోడలు లోపల రక్తం ఇస్తోంది. మీకు ఎన్నో నెల?"

ఇంట్లో గడప దాటనివ్వని మాట స్వరాజ్యం ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేసింది. "మూడో నెల వదినె. ఎవ్వలకు చెప్పలే ఇంక."

"మేమూ అంతేనండీ. మాకు రెండో నెలే. చెప్పకూడదని మాకూ పట్టింపే. కానీ ఈ పిల్లతో నాకు నిద్ర పట్టట్లేదు. ఉద్యోగం అలాంటిది. పంజాగుట్టలో ఆసుపత్రి. ఏదో రేడియేషనంట."

సుష్మిత చేతిలో ఫోను చూస్తోంది. తెర మీద అక్షరాలు చెదిరిపోయాయి.

"మానెయ్యమంటే వినదు. చెబితే కౌంటర్లో కూచోబెట్టి తీసేస్తారంట, ఇదివరకు ఎవరినో అలాగే చేశారంట. పోనీ అని ఊరుకుందామంటే, ఇద్దరు చేసుకునే పని ఇప్పుడు ఇదొక్కత్తే చేస్తోంది. రెండో అమ్మాయికి వేలు తెగిందంట. పాపం ఎన్నాళ్ళైనా మానట్లేదంట. పొద్దున్నే ఆ గదిలోకి రోజూ ఈ పిల్లే." వరలక్ష్మి గొంతు తగ్గించింది. "ఎవరి పిల్లో ఏమో. ఆ అమ్మాయి వేలు తొందరగా మానాలని బల్కంపేట ఎల్లమ్మకి మొక్కుకున్నానండి. మానగానే చీర పెడతానని."

"అయ్యో. ఎవల బిడ్డనో గని, జల్ది మానాలె" అంది స్వరాజ్యం మనస్ఫూర్తిగా.

సుష్మిత ఎడమచేతిని చున్నీ కింద దాచుకుంది. దాచుకున్న వేలికి ఏ కట్టూ లేదు, నున్నగా ఉంది. అప్పుడే పక్క గదిలోంచి వినిపించింది. "అత్తయ్యా, ఆ ఫైలు మీ దగ్గరుందా?" రోజూ వినే గొంతే. షుగరుందేమో చూపించుకో అన్న గొంతే.

"ఉందమ్మా, తెస్తున్నా" అంటూ వరలక్ష్మి సంచిలో వెతకసాగింది. స్వరాజ్యం ఆమె వైపు వంగింది. "పంజాగుట్టనా? మా సుష్మిత సుత గా..."

"అత్తమ్మా!" సుష్మిత లేచి నిలబడింది. "నాకు కండ్లు తిరుగుతున్నయ్. కిందికి పోదాం."

"డాక్టర్ని చూడనే లేదు గద!"

"పోదాం అంటున్న గద."

స్వరాజ్యం కోడలి మొహం చూసి లేచింది. మొదటి అంతస్తు మలుపు దాకా ఇద్దరూ గబగబా దిగారు. అక్కడ స్వరాజ్యం మెట్ల కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

"గా పిల్ల నీతోని పనిచేసేటామెనా?"

"అవ్."

"మీరు ఇద్దరే గద ఉండేది."

స్వరాజ్యం కోడలి రెండు చేతులూ పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. పదివేళ్ళూ చూసింది. చూసి మెట్టు మీద కూర్చుండిపోయింది. పైనుంచి దిగుతున్న కోచింగ్ పిల్లలు ఆమెను దాటుకుంటూ పోయారు.

*

ఆదివారం స్వరాజ్యం మొదట కోడలినే సమర్థించింది. పొద్దున ఎర్రగడ్డ రైతుబజార్‌లో టమాటాలు ఏరుతూ, "మన బిడ్డను మనం కాపాడుకున్నం. తప్పేమున్నది? ఆమె సుత నోరు తెరిచి చెప్పచ్చు గద" అంది. కాసేపు ఏరి, ఏరినవన్నీ మళ్ళీ కుప్పలో పోసేసింది. "మనం సుత చెప్పచ్చుండె" అంది తనలో తను.

సుష్మిత సంచి పట్టుకుని పక్కన నిలబడింది. రాత్రంతా ఒకటే లెక్క వేసింది. తను వెళ్ళి నిజం చెబితే ఏమవుతుంది? తనను ఆ గదికి దూరం పెడతారు. అప్పుడు ఆ గదిలో పని ఎవరిది? రాగసుధది. ఇంతవరకు అబద్ధం చెప్పి ఆమె మీదకు తోసింది, ఇప్పుడు నిజం చెప్పినా ఆమె మీదకే పోతుంది. పోనీ రాగసుధ సంగతి కూడా తనే చెప్పేద్దామా అంటే, ఆ మాట చెప్పడానికి తనెవరు? సార్‌కు ఏమీ చెప్పకుండా సోమవారం తనే ఆ గదిలోకి పోతే? అక్కడ ఆలోచన ఆగిపోయేది. బిడ్డ గుర్తొచ్చేది. అంత భయం ఆమె జీవితంలో ఎప్పుడూ ఎరగదు, పోయినసారి రక్తం చూసినప్పుడు కూడా.

"ఎల్లమ్మకు మొక్కింది ఆమె" అంది స్వరాజ్యం ఆటో ఎక్కాక. "లేని దెబ్బ మానాలని మొక్కింది. గా మొక్కు ఎట్ల దీరాలె చెప్పు? నా ఒట్టు నేను వాపసు తీసుకుంటున్న. పోయి చెప్పు బిడ్డా. ముందు గా పిల్లకు చెప్పు."

*

సోమవారం సుష్మిత కట్టు కట్టుకోలేదు. మామూలుకన్నా ముందే వచ్చింది. అయినా హాట్ ల్యాబ్ తలుపు మీద ఎర్రబల్బు అప్పటికే వెలుగుతోంది. పక్కన అట్టపెట్టె విప్పి ఉంది. కొత్త జనరేటర్‌ను ఇటుకల మధ్యకు దించేశారు. రాగసుధ ఉప్పునీటి సీసాను సూది మీద గుచ్చుతోంది. ఇక ఖాళీ సీసా రెండో సూదికి గుచ్చితే మందు దిగడం మొదలవుతుంది.

సుష్మిత తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"ఏంటిది! ఏప్రాన్ లేకుండా! బయటికి పో ముందు!" రాగసుధ అరిచింది.

"నువ్వు బయటికి రా. ముట్టకు దాన్ని."

ఆ గొంతులో ఏం వినిపించిందో, రాగసుధ చేతిలోది బల్ల మీద పెట్టేసి ఆమె వెనకే బయటి గదిలోకి వచ్చింది. తలుపు మూసుకుంది. ఏప్రాన్ బరువుకు ఆమె రొప్పుతోంది.

"నువ్వు చేస్తావా ఏంటి? మానిందా వేలు?"

"తెగలే."

సుష్మిత రెండు చేతులూ ముందుకు చాపింది. రాగసుధ వాటివైపు చూడలేదు. మెల్లగా తొడుగులు లాగి, ఒకదాన్ని ఒకదానిలో దోపింది.

"తెలుసు. మొదటి రోజే అనుమానమొచ్చింది, ఎందుకు కట్టావో కూడా. రోజూ చూపుడువేలికి కట్టుకొస్తావు. మధ్యలో ఓ రోజు నడిమివేలికి కట్టుకొచ్చావు. ఆవేళ నాకు నవ్వొచ్చింది. ఇంటికెళ్ళాక ఏడుపొచ్చింది."

"మరి అడగలేదేంది?"

"ఏమని అడగను? అడిగితే నువ్వు చెప్పేస్తావు. చెప్పాక పని నాదే అని రాసిపెడతారు. నేను చెయ్యనంటే ఎందుకు చెయ్యవంటారు. అప్పుడు నా..." ఆగింది. సుష్మిత మొహం చూసింది. "నీకు తెలుసా?"

"శనివారం క్లినిక్ల మీ అత్తగారి పక్కకే కూసున్న. నా వేలు మానాలని మొక్కిందట."

రాగసుధ గోడకు ఆనుకుంది. కారిడార్‌లో అప్పుడే రోగులు వచ్చి కూర్చుంటున్న చప్పుడు. ఎవరో టోకెన్లు ఎక్కడిస్తారని అడుగుతున్నారు.

"నాకు భయమైంది రాగా. నా బిడ్డ తప్ప నాకేం కనబడలే."

"నాక్కూడా భయమే" అంది రాగసుధ. కసురుకున్నట్టే అంది. "నడు. ఇద్దరం కలిసి చెబితే ఇద్దర్నీ కౌంటర్లో కూచోబెట్టలేరు. డిపార్ట్‌మెంటు మూసుకోవాలి."

నారాయణ సార్ గదిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి చెప్పారు. సుష్మిత ముందు చెప్పింది, తరువాత రాగసుధ. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇద్దరూనా?"

కోప్పడతాడనుకున్నారు. ఆయన కోప్పడలేదు. ఫోను తీసి పైవాళ్ళతో మాట్లాడాడు. కొత్త మనుషులు వచ్చేదాకా కొత్త బుకింగులు తీసుకోవద్దని, ఇద్దరు అమ్మాయిలూ ఈ పని చెయ్యరని, వాళ్ళను తీసెయ్యాలని ఎవరికైనా ఆలోచన ఉంటే ముందు తన సంతకం లేకుండా ఈ విభాగం ఎలా నడుస్తుందో ఆలోచించుకోమని చెప్పాడు. అవతల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆయన వినకుండా పెట్టేశాడు. వనిత విషయంలోనూ ఈయన ఈ ఫోను చేసి ఉంటే ఎంత బాగుండేదని సుష్మితకు అనిపించింది.

ఆ రోజు పిలిచిన రోగులను వెనక్కి పంపలేక ఆయనే ఏప్రాన్ వేసుకుని లోపలికి వెళ్ళాడు. ఈ పని చేసి చాలాకాలమైనట్టుంది. ఇద్దరూ కిటికీకి దూరంగా నిలబడి, ముందు ఏది గుచ్చాలో, ఎంతసేపు ఆగాలో మైకులో చెప్పారు. ఆయన బయటికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. సుష్మితకు ఎన్నాళ్ళ తరువాతో గుండె తేలికపడింది. నోట్లోంచి మాట బయటపడింది, ఆకాశం విరిగి పడలేదు.

"మీ బ్యాడ్జిలు ఇవ్వండమ్మా" అన్నాడు ఆయన కుర్చీలో కూలబడి. "నెలాఖరు దాకా ఆగకుండా ఇవాళే పరీక్షకు పంపుదాం. ఇంతవరకు ఎంత తగిలిందో తెలిస్తే మీకూ ధైర్యం."

సుష్మిత పక్కకు తిరిగి పొట్ట దగ్గర పిన్ను తీసి ఇచ్చింది. రాగసుధ కదల్లేదు. కాసేపటికి బయటికి వెళ్ళింది, లాకర్ తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చి తన బ్యాడ్జిని బల్ల మీద పెట్టింది. దాని ప్లాస్టిక్ మీద ఒక్క గీత కూడా లేదు.

"లాకర్‌లో ఎందుకుందమ్మా?" అన్నాడు నారాయణ సార్.

"మీరు కట్టు చూసిన రోజునుంచి అక్కడే పెట్టానండి."

"ఎందుకు?"

"ఎక్కువ వస్తే పిలిచి అడుగుతారు కదండీ, ఒక్కదానికే ఇంత ఎందుకొచ్చిందని. అడిగితే సుష్మిత సంగతి బయటపడుతుంది. దాంతో నాదీ." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అందుకని తీసేసి లోపలికెళ్ళేదాన్ని."

ఆయన రెండు బ్యాడ్జిలనూ చూశాడు. ఒకటి ఆ గదిలో పనికే పోలేదు. ఇంకొకటి పోవలసిన మనిషితో పోలేదు. ఆ గదిలో ఎంత తగిలిందో రెండూ చెప్పవు.

"లెక్క కడతాను" అన్నాడు చివరికి. "రోజూ ఎంతసేపున్నావు, ఎంత దూరంలో నిలబడ్డావు, అన్నీ చెప్పు. ఏప్రాన్ ఉంది, గాజు ఉంది, అది పాతబడ్డ జనరేటర్. చాలా తక్కువే ఉంటుంది. భయపడేంత ఉండదనే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా అండీ?" అంది రాగసుధ.

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు.

సుష్మిత బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, గా దినాలల్ల సగం నావి. నా వంతులు. నేను చెయ్యాల్సినయి ఆమె చేసింది. గవి నా పేరు మీద రాయుండ్రి. ఏమన్న అయితే నాకు గానీయుండ్రి."

"పేరుదేముందమ్మా, ఎవరిదంటే వాళ్ళది రాస్తాను" అన్నాడు నారాయణ సార్. "తగిలిన చోటు మారదు కదా."

కారిడార్‌లోంచి ఎవరో తమ వంతు ఎప్పుడని కేకేశారు. ఎవరూ లేవలేదు. రాగసుధ సుష్మితను ఒక్క మాట కూడా అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండునని సుష్మితకు అనిపించింది.